ఆరేదాకా మడవకూడదు

పోయిన ఆదివారం మా అమ్మాయి కమల బీరువా పైఅర సర్దుతూ పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దించింది. మూత తుప్పు పట్టి రాలేదు. చెంచా కాడ పెట్టి తిప్పితే వచ్చింది. లోపల నా మొదటి పాస్‌పోర్టు, వాళ్ళ నాన్న ఫొటో, ఒక ఉత్తరం కవరు. కవరులో తెల్లకాగితం ఒకటే ఉంది. దాని మీద అక్షరమన్నది లేదు. ఊదారంగు వేలిముద్రలు రెండు, పక్కపక్కనే, అంతే.

“ఇదేంటమ్మా, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చారా?” అని నవ్వింది. “ఏమీ రాసి లేదు. పారేసేదా?”

“అది పారేస్తే నిన్నూ దాని ఎనకే పారేస్తాను,” అన్నాను.

నా బతుకులో నాకంటూ ఒకరు రాసిన ఉత్తరం అదొక్కటే. అందుకే కమలను కూర్చోబెట్టాను. డ్యూటీ లేని రోజు కనక కూర్చుంది. కాగితం, కలం తెమ్మన్నాను. నేను చెబుతాను, నువ్వు రాయి, నా యాసను బళ్ళో నేర్చుకున్న తెలుగులోకి దిద్దుకుంటానంటే దిద్దుకో, నా మాటను మాత్రం దిద్దకు అని చెప్పాను. సింగపూర్లో, టోవా పాయో పేటలో, ఈ పన్నెండో అంతస్తులో ఇప్పుడు నాకు చెప్పుకోవడం తప్ప వేరే పనేముంది? వంట అల్లుడు చేస్తాడు. గుడ్డలు యంత్రం ఉతుకుతుంది. నా చేతులకి తీరిక వచ్చాక ఆ రోజులు మరీ గుర్తొస్తున్నాయి.

నా పేరు ఆదెమ్మ. ఆదివారం పుట్టాను కనక ఆదెమ్మ. మాది శ్రీకాకుళం అవతల సముద్రం గాలి తగిలే ఊరు. నాకు చదువు లేదు. మా వైపు ఒక మనిషిని తీసిపారెయ్యాలంటే వేలిముద్రగాడు అంటారు. నన్ను వేరే అనక్కర్లేదు, నేను అదే. రేషను కొట్టు దగ్గర, పంచాయతీ ఆఫీసు దగ్గర అందరూ చూస్తుండగా ఎవడో ఒకడు నా మణికట్టు పట్టుకుని, నా బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద నొక్కేవాడు. గేదె చెవికి పోగు కొట్టినట్టు ఉండేది. నొక్కిన వాడి మొరటుతనానికి ముద్ర అలుక్కుపోతే తప్పు నాదే, మర్నాడు మళ్ళీ రావాలి. రెండుసార్లు తిరిగాక విసుగొచ్చి, చెయ్యి వదలండి, నేనే వేస్తాను అన్నాను. అప్పటి నుంచి నేనే వేసుకున్నాను. ఒక్కటీ చెడలేదు.

ఓటు సంగతి కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఎన్నికలొచ్చాయి. కొత్త చీర కట్టుకుని బడి దగ్గరికి వెళ్ళాను. లోపలి వాళ్ళు కాగితాలు తిరగేసి, “నీ ఓటు పడిపోయింది, ఇంటికెల్లు తల్లీ” అన్నారు. ఎవరు వేశారని నేను అడగలేదు. పక్కనే నిలబడిన మా బావగారు నా మొహం చూడలేదు. సరే అని ఇంటికొచ్చి వంకాయలు తరిగాను. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని మా ఆయన అన్న మాట గుర్తుంది కానీ, ఆ ఓటు నాదని అప్పుడు నాకు తోచలేదు. తోచడానికి సింగపూర్ రావలసి వచ్చింది.

మా ఆయన ఇక్కడ ఓడలకు రంగులు వేసేవాడు. జ్వరం వచ్చి, తగ్గుతుందిలే అని పనికి వెళ్ళి, ఇక్కడే పోయాడు. పెట్టెలో తెచ్చారు. నాకు ముప్పై నిండలేదు. కమలకి పదేళ్ళు. బావగారు ఇంట్లో మూల కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. పిల్లను విజయనగరంలో హాస్టల్లో వేసి, ఆయన పోయిన ఊరేదో చూద్దామని అదే ఊరికి ఇంటిపనికి వచ్చాను. ఏడ్చుకుంటూ వచ్చానని అందరూ చెప్పుకుంటారు. అబద్ధం. విమానంలో పెట్టిన అన్నం మొత్తం తిన్నాను.

నేను చేరిన ఇల్లు పాసిర్ రిస్ అనే పేటలో. సారు పేరు ప్రసాద్. కంప్యూటర్ కంపెనీలో మేనేజరు. అమ్మగారు సుజాత. గుంటూరు వాళ్ళు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కంప్యూటర్ పిల్లలే. ఒక్కో ఫ్లాటులో ముగ్గురు నలుగురు తెలుగువాళ్ళు, మెడలో తాళ్ళకి కార్డులు వేలాడేసుకుని పొద్దున్నే రైలుకి పరిగెత్తేవారు. రేపు ఇంకో కంపెనీ, ఎల్లుండి ఇంకో దేశం అన్నట్టుండేది వాళ్ళ మాట. మా సారు ఇంట్లో పొద్దున ఐదింటికి మొదలు. కుక్కరు, ఫిల్టరు కాఫీ, సారుకి పెసరట్టు, అమ్మగారికి బాలింత పథ్యం. ఆరు నెలల కవలపిల్లలు. ఒకడు పడుకుంటే ఇంకొకడు లేచేవాడు. వాళ్ళ నూనె, పౌడరు, పాలు కక్కిన గుడ్డల వాసన, సాంబ్రాణి పొగ, కిటికీలోంచి సముద్రపు ఉప్పుగాలి, నెత్తి మీద దిగుతున్న విమానాల హోరు, ఇదీ ఆ ఇల్లు. నీచు లేదు. నాలాంటి సముద్రం ఒడ్డు మనిషికి నెలల తరబడి ఎండుచేప వాసన తగలకపోతే ఏమవుతుందో తెలుసా? కలలో కూడా అదే వేగుతుంది.

ఒక మధ్యాహ్నం వరండాలో గుడ్డలు ఆరేస్తుంటే ఆ వాసన నిజంగానే వచ్చింది. ఎదురు ఫ్లాటు చైనా అంకుల్‌ది. ఆయన ఒక గది అద్దెకిచ్చాడు. ఆ గదిలోకి కొత్తగా దిగిన మనిషి వంటింట్లో బెండకాయలతో ఎండుచేప ఉడకేస్తోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆవిడ నన్ను చూసి, ఒక్క మాట అడక్కుండా, గిన్నెలో వేసి చేతికిచ్చింది. ఎర్రటి నూనె, దంచిన మిరప, బెండ జిగురు. నిలబడే తిన్నాను. ఆవిడ పేరు అబెనా. ఘానా దేశం. మా సారు కంపెనీలోనే, మా సారు కిందే పనిచేస్తుందని తర్వాత తెలిసింది.

అమ్మగారికి నచ్చలేదు. “ఆ నల్లావిడతో నీకేం పని ఆదెమ్మా? మనకి తెలియని మనుషులు,” అంది.

“నానేటి తెల్లగున్నానా అమ్మగారూ? మిమ్మల్ని కూడా తెలీకుండానే వొచ్చీసినాను,” అన్నాను. ఆవిడకి నవ్వు ఆగలేదు. తర్వాత వద్దనలేదు.

మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆమె ఇంగ్లీషు పెద్దది, నాది బజారులో ఏరుకున్నది, మధ్యలో నాలుగు మలయ్ ముక్కలు, నాలుగు తమిళం ముక్కలు. అయినా అన్నీ చెప్పుకున్నాం. వాళ్ళలోనూ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారట. మంగళవారం పుట్టిన ఆడపిల్ల అబెనా. నేను ఆదివారం అని చెబితే, “అయితే మా దేశంలో నువ్వు అకోసువా,” అంది. రోజూ అదే పిలుపు. ఈ ఊళ్ళో అందరూ నన్ను ఆంటీ అనేవారు, లేకపోతే ఏమీ అనేవారు కాదు. పేరు పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే, అదీ వేరే పేరుతో.

కొన్ని నెలలకు ఆమె మనిషి మారింది. పొద్దున్నే చిన్న రేడియో చెవికి ఆనించుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేది. ఏమిటని అడిగితే, ప్రెసిడెంటు ఎన్నికలు వస్తున్నాయంది. మాకు ప్రెసిడెంటు అంటే పంచాయతీ ప్రెసిడెంటు. ఊరి గొడవకి ఇంత దిగులెందుకని, “రోడ్డు ఏయించడానికా, బోరింగుకా?” అని అడిగాను. అంత దిగుల్లోనూ ఆమె గోడకి ఆనుకుని నవ్వింది. తర్వాత చెప్పింది. దేశం మొత్తానికి ఒక్కరే. గద్దె మీదున్న పార్టీ ఓటుతో ఓడి, అవతలి వాళ్ళకి తాళాలు ఇచ్చి మర్యాదగా ఇంటికి వెళ్ళడమన్నది తాను పుట్టాక చూడలేదట. ఈసారి ఓడితే ఇస్తారా, కొట్టుకుంటారా అని ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉందట. వాళ్ళమ్మ బియ్యం, కిరసనాయిలు ముందే కొని దాచిందట. అన్న ఫోను చేసి రావద్దన్నాడు, ఏ వీధిలో ఏ గొడవ లేస్తుందో తెలీదన్నాడు.

“మరి రావొద్దంటే మానియ్యి,” అన్నాను.

“మా అమ్మమ్మ ఓటు చెడిపోయింది అకోసువా. నాది చెడకూడదు.”

అప్పుడు చెప్పింది. వాళ్ళ దేశంలో ఓటు ఎలా వేస్తారంటే, కాగితం మీద మనుషుల బొమ్మలుంటాయి. బొటనవేలు సిరాలో అద్ది, నచ్చిన బొమ్మ పక్కన ముద్ర వెయ్యాలి. నేను నమ్మలేదు. చదువురాని వాళ్ళకి కదా అన్నాను. కాదంది. అందరికీ. డాక్టరుకీ, పంతులుకీ, జడ్జీకీ, ఆఖరికి గద్దె మీద కూర్చున్న వాడికీ అంతే. సంతకం అక్కడ పనికిరాదు. ఆ మాటకి నేను చేతిలో చాట కింద పెట్టేశాను. ఒక దేశానికి దేశం, పెద్ద చదువులు చదివినవాళ్ళంతా వరసలో నిలబడి నాలా వేలు అద్దుకుంటారా? నన్ను అంతవరకూ ఏ మాటా అంత నిటారుగా నిలబెట్టలేదు.

వాళ్ళ అమ్మమ్మ పోయినసారి వేలు నిండా సిరా ముంచి, దేవుడికి కూడా కనపడాలని గట్టిగా నొక్కి, వెంటనే మడిచిందట. తడి సిరా మడతలో అవతలి బొమ్మ పక్కన కూడా అంటుకుంది. సాయంత్రం అందరి ముందూ లెక్కపెడుతూ, ఇది చెల్లదు అని ఒక కాగితం పైకెత్తి చూపించారు. అంత పెద్ద ముద్ర తనదేనని ముసలావిడ అక్కడికక్కడే గుర్తుపట్టి ఏడ్చింది. ఆ ఏడాదే పోయింది. అబెనా అప్పుడు పై దేశంలో చదువులో ఉంది. అబెనాకి ఇదే మొదటి ఓటు. వెళ్ళి వేస్తేనే ఓటు, ఇక్కణ్ణుంచి వెయ్యడానికి లేదు.

“ఏదీ, ఎలా వేస్తావో చూపించు,” అన్నాను. సారు బల్ల మీది స్టాంపుల సిరా డబ్బా, పాత కాగితాలు తెచ్చాను. ఆమె బొమ్మలు గీసింది, ఒకరికి గడ్డం, ఒకరికి కళ్ళజోడు. వేలు ముంచి నొక్కింది. అచ్చం వాళ్ళ అమ్మమ్మే. మడిచి విప్పితే గడ్డానికీ ముద్రే, కళ్ళజోడుకీ ముద్రే. చదువుకున్న చెయ్యి కదా, కలం పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంటుంది. నేను ఆమె మణికట్టు పట్టుకోబోయి ఆగాను. పట్టుకోకూడదనిపించింది. నా వేలితోనే చూపించాను. ముందు వేలు పొడిగుడ్డతో తుడువు. చెమట ఉంటే సిరా జారుతుంది. ముంచకు, తాకించు. ముందు ఈ పక్క ఆనించి ఆ పక్కకి మెల్లగా దొర్లించు. నొక్కకు. నిలువుగా ఎత్తు. ఇప్పుడు ఊదు. ఆరేదాకా మడవకు. ఎనకాల ఎవడు తొందరపెట్టినా మడవకు. వారం పాటు మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఇదే పాఠం. నా దగ్గర ఒకరు నేర్చుకోవడం అదే మొదలు. ఏడో రోజు ఆమె ముద్ర ఎంత బాగా పడిందంటే గీతలన్నీ లెక్కపెట్టొచ్చు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర సారు నవ్వుతూ అమ్మగారికి చెబుతున్నాడు. “మన అబెనా పది రోజులు లీవ్ కావాలంటోంది. ఎందుకో తెలుసా? ఓటు వెయ్యడానికి. ఒక్క ఓటు. ఆ వారమే మాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్. కుదరదని చెప్పేశాను.”

నేను పెరుగు వడ్డిస్తున్నాను. “ఇచ్చీండి బాబూ,” అన్నాను.

“ఏంటి?”

“ఆయమ్మకి సెలవు ఇచ్చీండి.”

సారు చెయ్యి కంచంలోనే ఆగింది. “నీకు తెలియని విషయాలు మాట్లాడకు ఆదెమ్మా. ఒక్క ఓటు పడకపోతే ప్రభుత్వాలు ఆగిపోవు.”

నీ ఓటు పడిపోయింది అన్న వాళ్ళ గొంతు, ఈ గొంతు ఒకేలా వినిపించాయి. అంత మర్యాదగానే చెప్పారు వాళ్ళూనూ. నేను పెరుగు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున సారు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా పర్మిట్ ఇంకో రెండేళ్ళు పొడిగించే కాగితం. సిరా డబ్బా మూత ఆయనే తీసి, రా, వెయ్యి అన్నాడు. నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను.

“వెయ్యను,” అన్నాను.

“అంటే?”

“మీరు ఆయమ్మ కాగితం మీద సంతకం ఎట్టండి. నాను ఈ కాగితం మీద ఏలు ఎడతాను.”

“వెయ్యకపోతే నష్టం నీకే. వారంలో విమానం ఎక్కాలి. అర్థమవుతోందా?”

“అవుతోంది బాబూ. విమానం ఎక్కడం వొచ్చు నాకు.”

ఆయన నా చెయ్యి వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. పట్టుకుని చూడు అన్నట్టే చూశాను. పట్టుకోలేదు. మంచివాడే, అది ఒప్పుకోవాలి.

ఇక్కడ మా కమల రాయడం ఆపేసింది. కలం కింద పెట్టి, “అమ్మా, నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. నీ పని పోయుంటే నేను బడి మానేసి పెదనాన్న ఇంటికి వెళ్ళేదాన్ని. నా చదువు పణంగా పెట్టావా?” అంది.

“ఎట్టాను.”

“ఎవరో ఆఫ్రికా ఆవిడ కోసం?”

“నీ సదువు దేనికే? నీ సెయ్యి ఇంకొకడు పట్టుకోకూడదనే కదా. నా సెయ్యి నానే ఇచ్చీసి నీకు సదువు సెప్పిస్తే ఏటి లాభం?”

అల్లుడు వంటింట్లోంచి తొంగిచూసి వెళ్ళాడు. కమల కలం తీసి, “చెప్పు,” అంది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలీదు. నేను అడగను. సారుకి వెయ్యనన్నాక నాకు భయం లేదనుకోకండి. పిల్లలకి పాలు కలిపేటప్పుడు ఎన్ని చెంచాలు వేశానో మర్చిపోయేదాన్ని. అయినా పని ఒక్కటీ ఆపలేదు. పెసరట్టు అదే టైముకి, కాఫీ అదే టైముకి. కాగితం బల్ల మీద, దాని మీద ఎగరకుండా సిరా డబ్బా. దాని చుట్టూ మూడు రోజులు తుడిచాను.

మూడో రోజు పొద్దున అమ్మగారు ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చి సారు ఒళ్ళో పెట్టింది. “ఆదెమ్మ వెళ్ళాక వీళ్ళతోనే ఆఫీసుకి వెళ్ళండి. మీ రిలీజ్ వీళ్ళు చేస్తారు,” అంది. ఒకడు ఆయన చొక్కా తడిపాడు. ఆ సాయంత్రమే సంతకం అయింది. పది కాదు, వారం రోజులు. అబెనా వచ్చి చూపించాక నేను బల్ల దగ్గర కూర్చుని, వేలు తుడుచుకుని, తాకించి, దొర్లించి, నా ముద్ర వేశాను. ఆరేదాకా సారుని నిలబెట్టాను. ఆ రోజు నుంచి రెండేళ్ళు ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. అమ్మగారితో చెప్పించేవాడు. నాకేమీ తక్కువ కాలేదు.

అబెనా వెళ్ళింది. వారం అయింది, రాలేదు. ఏడో రోజు అమ్మగారి ఫోనుకి చేసి నాతో మాట్లాడింది. ఓట్లు పడ్డాయి, కానీ ఎవరికీ సగం దాటలేదు. మూడు వారాల తర్వాత మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఓటు. ఇప్పుడే అసలు భయం, వీధుల్లో జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు అంది. ఆ తర్వాత, “అకోసువా, నేను ఉండిపోతున్నాను,” అంది. ఉద్యోగం పోతుందని ఇద్దరికీ తెలుసు. ఉండు అన్నాను. అంతకంటే ఇంగ్లీషు నాకు రాలేదు, వచ్చినా అంతకంటే అనేదాన్ని కాదు.

ఉద్యోగం పోయింది. చైనా అంకుల్ ఆమె సామాన్లు అట్టపెట్టెలో సర్ది పంపించాడు. “సీ, వన్ ఓటు, నో జాబ్ లా. ఆంటీ, నీ ఫ్రెండ్‌కి పిచ్చి,” అన్నాడు. మాట చివర లా తగిలించడం ఈ ఊరి అలవాటు. నిజమే అన్నాను. ఆ పెట్టెకి తాడు కట్టడంలో సాయం చేశాను. అబెనా మళ్ళీ సింగపూర్ రాలేదు. ఆ దేశంలో ఆఖరికి తాళాలు మర్యాదగానే చేతులు మారాయని అమ్మగారు పేపర్లో చదివి వినిపించింది. కొన్నాళ్ళకి ఈ కవరు వచ్చింది. చదవలేని మనిషికి రాత ఎందుకని అనుకుందేమో, ఏమీ రాయలేదు. రెండు ఓట్లకి రెండు ముద్రలు. ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి. ఒక్క గీత అలుక్కోలేదు. కాగితానికి మడత ఉంది, మడతకి అవతల పక్క మచ్చ లేదు.

నేను కూడా తర్వాత మా ఊరు వెళ్ళినప్పుడు ఎన్నికలొచ్చాయి. అదే బడి, అదే మాట, నీ ఓటు పడిపోయింది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. ఎవడేశాడో వాడి మొహం సూపించండి, లేపోతే నాకు ఇంకో కాగితం ఇవ్వండి అన్నాను. వరస ఆగిపోయింది. బావగారు నెత్తి మీద తువ్వాలు వేసుకుని వెళ్ళిపోయాడు. కాగితం ఇచ్చారు. నాలా ఓటు పడిపోయిన వాళ్ళకి ఇవ్వడానికి వేరే కాగితం ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. మా అల్లుడిది వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో పెద్ద ఉద్యోగం, ఆఫీసు తలుపు వేలు పెడితే తెరుచుకుంటుంది. నా మనవరాలు ఫోను వేలితో తెరుస్తుంది. విమానాశ్రయంలో కోట్లు తొడుక్కున్న వాళ్ళంతా వరసలో నిలబడి అద్దం మీద వేలు పెడుతున్నారు. నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసిన పని అది. ఇప్పుడు ఎవరూ దించుకోరు. నా వేలు మాత్రం అరిగిపోయింది. అంట్లు తోమి, రోలు తిప్పి గీతలు పోయాయి. మొన్న విమానాశ్రయం కౌంటరులో పిల్ల నాలుగుసార్లు పెట్టించి, “కెనాట్ లా ఆంటీ,” అంది. గట్టిగా నొక్కమంది. నేను వేలు చీర అంచుకి తుడుచుకుని, తాకించి, దొర్లించాను. పచ్చదీపం వెలిగింది.

రాయడం అయిపోయిందని కమల అంటోంది. కింద సంతకం పెట్టమంటోంది. నాకు సంతకం వచ్చు, కమలే నేర్పింది, ఆదెమ్మ అని మూడు అక్షరాలు. వద్దన్నాను. సిరా డబ్బా తెమ్మన్నాను. తెచ్చి, అలవాటుగా నా మణికట్టు వైపు చెయ్యి చాపి, మధ్యలోనే వెనక్కి తీసుకుంది. చదివిన చదువు వృథా పోలేదు. ముద్ర వేశాను. గీతలు సరిగ్గా లేవు కానీ నాదే. కాగితం మడవబోతుంటే చేత్తో ఆపాను.

“ఆగే. తడిగా ఉంది.”